పాత గింజలు మళ్లీ పొలానికి వచ్చాయి, మాత్రలు మాత్రం మానవద్దు



కిందటి వర్షాకాలంలో ఒక రైతు కాలి పుండుతో మన ఆసుపత్రిలో చేరారు. ఆయనది రెండెకరాల మెట్ట పొలం. బోరు ఎండిపోయాక వరి మానేసి, తన తల్లి వేసినట్టే కొర్రలు, రాగులు, మధ్యలో కంది సాళ్లు వేశారు. గింజ ఇంటికి వచ్చింది, పశువులకు మేత కూడా దొరికింది. అంతవరకు సంతోషమే. అయితే "కొర్రలు తింటే షుగరు పోతుంది" అని ఎవరో చెప్పగా మాత్రలు మానేశారు. చివరికి రెండు కాలివేళ్లు తీసివేయవలసి వచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఈ గింజలు ఎందుకు వెనుకబడ్డాయి?

మన అమ్మమ్మల కాలంలో మెట్ట ఊళ్లలో జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రన్నమే రోజూ తిండి. కాలువలు, బోర్లు వచ్చి వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పాత గింజలు పేదల తిండిగా చిన్నచూపుకు గురయ్యాయి. పైగా కొర్రలు, సామలు రోట్లో దంచి పొట్టు తీయడం ఆడవారికి పెద్ద శ్రమ. అయినా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఆ విత్తనాలను కాపాడుకున్నారు. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

వీటిలో ఏముంది?

100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో సుమారు 10 మాత్రమే. సజ్జల్లో ఇనుము ఎక్కువ. పీచు ఉండడం వల్ల కొర్రన్నం తింటే త్వరగా ఆకలి వేయదు. కాని 100 గ్రాముల కొర్రల్లో 60 గ్రాముల వరకు పిండిపదార్థమే. అంటే ఎక్కువ తింటే షుగరు తప్పక పెరుగుతుంది.

గుర్తుంచుకోండి

1. ఇది మంచి ఆహారం, మందు కాదు. డాక్టరు చెప్పకుండా మాత్రలు, ఇన్సులిన్ మానవద్దు, తగ్గించవద్దు.
2. కొలిచి తినండి. పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి. రాగి జావలో బెల్లం వేస్తే షుగరు వారికి మేలు జరగదు.
3. రోజుకు ఒక పూటతో మొదలుపెట్టండి. వండే ముందు రెండు మూడు గంటలు నానబెట్టండి. నీళ్లు బాగా తాగండి.
4. వానకు తడిసి బూజు పట్టిన అరికెలు తినవద్దు. మత్తు, వాంతులు వస్తాయి.
5. థైరాయిడ్, కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగండి.

ఆ రైతు ఈ ఏడాది కూడా కొర్రలు వేశారు. డ్రెస్సింగుకు వచ్చినప్పుడు మా సిస్టర్లకు ఒక సంచి తెచ్చి ఇచ్చారు. ఆయన చొక్కా జేబులో మాత్రల చీటీ కూడా ఉంది. మాకు అదే ఎక్కువ సంతోషం కలిగించింది.