బూడిదను పట్టే వల

బళ్లారి నుంచి హోసపేటె వెళ్లే దారిలో, కుడతిని దగ్గర ఒక కనుమ ఉంది. పేరు బూదికనమ. మన మాటలో బూడిద కనుమ. అక్కడి బూడిద దిబ్బ కొత్త రాతియుగం నాటిది. ఇలాంటిదే హంపి పక్కన నింబాపురంలో ఉంటే, అది వాలి చితాభస్మమని జనం చెప్పుకుంటారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ జరిపిన తవ్వకాలతో అసలు సంగతి గట్టిపడింది. ఆనాటి పశువుల దొడ్లలో పేడ కుప్పలు కాలగా మిగిలిన బూడిద అది.

అదే కుడతినిలో ఇప్పుడు 1,700 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. మన దేశపు బొగ్గును వంద టన్నులు కాలిస్తే సుమారు 35 టన్నుల బూడిద వస్తుంది. అందులో 28 టన్నుల దాకా పొగతో పైకి లేచే సన్నపొడే. ఇలాంటి కేంద్రాల్లో దాన్ని పట్టి ఆపేది విద్యుత్ క్షేత్రం.

దువ్వెన చేసే పనే

పొడి తలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, కాగితం ముక్కల మీదికి తీసుకెళ్లండి. తాకకముందే లేచి అతుక్కుంటాయి. విద్యుదావేశం తన చుట్టూ చూపే ఈ ప్రభావమే విద్యుత్ క్షేత్రం.

ప్లాంటులో ఈఎస్పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) అనే యంత్రంలో జరిగేదీ ఇదే. ఎత్తయిన ఇనుప పలకలు వరుసగా వేలాడుతుంటాయి. వాటి నడుమ సన్నని తీగలకు పదుల వేల వోల్టుల రుణ విద్యుత్ ఇస్తారు. తీగ చుట్టూ గాలి అయాన్లుగా విడిపోతుంది. అవి అంటుకున్న బూడిద రేణువు రుణావేశంతో పలక వైపు లాగబడుతుంది. సుత్తులు ఠంగుమని కొట్టగానే పలక మీది పొర జారి తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి సిమెంటుకో, ఇటుకలకో వెళ్తుంది. అమెరికా శాస్త్రవేత్త కాట్రెల్ 1908లో పేటెంటు పొందిన పద్ధతి ఇది.

గుండెలో, పువ్వులో

ఈఎస్పీకి పదుల వేల వోల్టులు కావాలి. కానీ విద్యుత్ క్షేత్రం ఎంతో చిన్న స్థాయిలోనూ ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడు చర్మం మీద కనిపించే విద్యుత్ తేడా వోల్టులో వెయ్యో వంతు మాత్రమే. దాన్ని గీతగా పట్టేదే ఈసీజీ. దానికి డచ్ శాస్త్రవేత్త ఐంథోవెన్ 1924లో నోబెల్ అందుకున్నారు. పువ్వు చుట్టూ ఉండే క్షేత్రాన్ని బంబుల్ తేనెటీగలు పసిగడతాయని బ్రిస్టల్ పరిశోధకులు 2013లో చూపించారు.

మళ్లీ కుడతిని లెక్కకు వద్దాం. ఈఎస్పీ పొడిలో 99 శాతం పట్టిందన్నా, 99.9 శాతం పట్టిందన్నా వినడానికి ఒకలాగే ఉంటుంది. కానీ ఆ వంద టన్నుల బొగ్గుకు మొదటిదైతే 280 కిలోల పొడి గాలిలో కలుస్తుంది, రెండోదైతే 28 కిలోలు. పలక మీద పొర మందంగా పేరుకున్నా, తీగ తెగినా వల సడలినట్టే. పొగగొట్టం కింద బతికే ఊళ్లవాళ్లు ఈఎస్పీ పెట్టామంటే ఊరుకోకూడదు. ఇవాళ ఎంత పడుతోందో అడగాలి.