దుఃఖానికీ ఒక కొలత

కష్టంలో ఉన్నవాళ్లకు ఈ రోజుల్లో దొరికే సలహాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మనసు గట్టి చేసుకోండి, మంచే ఆలోచించండి, మీలోని శక్తిని గుర్తించండి అంటారు. పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరలు వెతికినా, ఫోన్లో వచ్చే ప్రసంగాలు విన్నా, మొత్తం బరువు బాధపడుతున్న మనిషి నెత్తినే పడుతుంది. ఆ మనిషి లేచి నిలబడలేకపోతే తప్పు కూడా తనదే అయిపోతుంది. యూదుల ఆధ్యాత్మిక సంప్రదాయం ఈ చిక్కుముడిని ఇంకో కొస నుంచి పట్టుకుంది. దెబ్బ తగిలిన సమయంలో మనిషి దగ్గర ధైర్యం ఉండదని అది ముందే ఒప్పుకుంటుంది. అందుకే ధైర్యాన్ని మనిషి గుండెలో వెతకలేదు. పంచాంగంలో, ఇరుగుపొరుగు బాధ్యతల్లో, ఇంటి నియమాల్లో ముందుగానే దాచిపెట్టింది. ఆ ఏర్పాటులో మన కాలానికి పనికొచ్చే తెలివి చాలా ఉంది.

ఆ తెలివి తీరిక వేళల్లో కూర్చుని అల్లినది కాదు. క్రీ.పూ. 586లో బాబిలోన్ సేనలు జెరూసలేంలోని మొదటి ఆలయాన్ని కూల్చేశాయి. క్రీ.శ. 70లో రోమన్లు రెండో ఆలయాన్ని తగలబెట్టారు. 1492లో స్పెయిన్ పాలకులు యూదులను దేశం నుంచి వెళ్లగొట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు దాదాపు 60 లక్షల మందిని చంపారు. వీటిలో క్రీ.శ. 70 నాటి విధ్వంసం మతం ఉనికినే ప్రశ్నించింది. అప్పటివరకు ఆరాధనకు కేంద్రం ఆలయం, అక్కడి పూజారులు, అక్కడ అర్పించే బలులు. ఆలయమే బూడిదైతే ఇక మిగిలేదేమిటి? యోహానాన్ బెన్ జక్కాయ్ అనే పండితుడు ముట్టడిలో ఉన్న నగరం నుంచి శవపేటికలో పడుకుని బయటపడ్డాడనీ, యవ్నే అనే ఊళ్లో పండితులు చదువు సాగించుకోవడానికి రోమన్ సేనాని దగ్గర అనుమతి పుచ్చుకున్నాడనీ తాల్ముద్ అనే యూదుల ధర్మగ్రంథం చెబుతుంది. కథలో ఎంత చరిత్ర ఉందన్నది అలా ఉంచితే, ఆ తరవాత జరిగిన మార్పు మాత్రం నిజం. బలుల స్థానంలో ప్రార్థన వచ్చింది. బలిపీఠం చేసే పని ఇంట్లో భోజనాల బల్లకు వచ్చింది. పాపపరిహారం సాటి మనిషికి చేసే ఉపకారంలో ఉందన్నారు. ఒక్క ఊళ్లో, ఒక్క కట్టడంలో ఉన్నదాన్ని వేల ఇళ్లకు పంచేశారు. ఇక దాన్ని తగలబెట్టడం ఏ సైన్యానికీ సాధ్యం కాదు.

అయితే అందరూ ఆ దారికి వెంటనే రాలేదు. ఆలయం పోయాక కొందరు మాంసం, ద్రాక్షసారాయి మానేశారు. యెహోషువ అనే రబ్బీ (మతగురువు) వాళ్ల దగ్గరికెళ్లి కారణం అడిగాడు. మాంసం బలిపీఠం మీద అర్పించేవాళ్లం, సారాయి అక్కడే ధారపోసేవాళ్లం, అవే ఆగిపోయాక మేమెలా తింటాం, ఎలా తాగుతాం అన్నారు వాళ్లు. అలాగైతే రొట్టె కూడా మానాలి కదా, పిండి నైవేద్యాలూ ఆగిపోయాయి అన్నాడాయన. పళ్లతో బతుకుతామన్నారు. తొలిపంట అర్పణలు కూడా లేవుగా అన్నాడు. వేరే పళ్లు తింటామన్నారు. మరి నీళ్లు? ఆలయంలో నీళ్లు ధారపోసే వేడుకా ఆగిపోయిందే అన్నాడు. వాళ్ల దగ్గర జవాబు లేదు. అప్పుడాయన చెప్పిన తీర్పు సారాంశం ఇది: అసలు ఏడవకుండా ఉండటం కుదరదు, మనిషి మోయలేనంత ఏడవడమూ కుదరదు. కాబట్టి ఇంటికి సున్నం వేసుకోండి, ఒక చిన్న జాగా మాత్రం వదిలెయ్యండి. విందు చేసుకోండి, ఒక వంటకం తగ్గించండి. నేటికీ కొన్ని సంప్రదాయ కుటుంబాల్లో గుమ్మానికి ఎదురుగా మూరెడు గోడ పూత లేకుండా కనిపిస్తుంది. పెళ్లిలో వరుడు గాజుగ్లాసును కాలికింద పగలగొట్టడానికి చెప్పే ప్రధాన కారణమూ ఆ ఆలయ స్మృతే. నష్టాన్ని మరిచిపోమనలేదు, దాంట్లోనే కాపురం పెట్టమనీ అనలేదు. దానికి మూరెడు చోటిచ్చి మిగతా ఇల్లు బతుక్కి వదిలారు.

ఇలా కొలిచి ఇవ్వడం మరణం దగ్గర మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దగ్గరివాళ్లు పోతే ఏడు రోజులు షివా పాటిస్తారు. బట్ట చింపుకుని, తోలు చెప్పులు వదిలి, నేల మీదో పొట్టి పీట మీదో కూర్చుంటారు. అద్దాలకు గుడ్డ కప్పుతారు. ఖననం నుంచి వచ్చాక మొదటి భోజనం తమ ఇంటిది తినకూడదు, ఇరుగుపొరుగు తెచ్చిందే తినాలి. అందులో సాధారణంగా కోడిగుడ్లు, పప్పుధాన్యాలు ఉంటాయి. పరామర్శకు వెళ్లినవాళ్లు ముందుగా మాట్లాడకూడదు, దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా ఊరికే కూర్చోవాలి. బైబిల్ కథలోని యోబు స్నేహితులు అతని పక్కన ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా కూర్చున్న సంగతి దీనికి మూలం. మధ్యలో వచ్చే సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి రోజున, పైకి కనిపించే శోకచిహ్నాలు తీసేయాలి. ఏడో రోజున ఇంట్లోంచి లేచి వీధిలో కాస్త దూరం నడిచి రావడం చాలాచోట్ల ఆచారం. ఆ తరవాత ముప్పై రోజుల దాకా కొన్ని నియమాలు, తల్లిదండ్రుల విషయంలో ఏడాది పాటు మరికొన్ని. హద్దు దాటి ఏడ్చేవాణ్ణి చూసి, పోయినవాళ్ల మీద నాకంటే నీకు ఎక్కువ దయా అని దేవుడు అడుగుతాడన్న భావం తాల్ముద్‌లో ఉంది. ఎప్పుడు లేవాలో బాధలో ఉన్నవాడు తేల్చుకోనక్కర్లేదు. ఆ భారం లెక్కపెట్టిన రోజులు మోస్తాయి.

రోజులతో పాటు మనుషులూ కావాలి. చనిపోయినవాళ్ల కోసం చదివే కద్దిష్ ప్రార్థనలో చావు ఊసే ఉండదు, అంతా దైవస్తుతే. కానీ దాన్ని ఒంటరిగా చదవడానికి వీల్లేదు, పదిమంది కూడాలి. అంటే తండ్రిని పోగొట్టుకున్న కొడుకు పదకొండు నెలల పాటు రోజూ పదిమంది మధ్యకు రావాలి. ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచనను 3వ శతాబ్దపు మరో పండితుడు రబ్బీ యోహానాన్ కథ చెబుతుంది. ఆయన జబ్బుపడ్డ మిత్రుణ్ణి చూడబోయి, నీ బాధలు నీకు ఇష్టమేనా అని అడిగాడు. అవీ వద్దు, వాటికొచ్చే పుణ్యమూ వద్దన్నాడు ఆ మిత్రుడు. చెయ్యి ఇటివ్వమని పట్టుకుని లేపాడు. తరవాత యోహానానే జబ్బుపడ్డాడు. ఇంకొకాయన వచ్చి అదే ప్రశ్న అడిగితే అదే జవాబు వచ్చింది, ఆయనా చెయ్యి పట్టుకుని లేపాడు. అక్కడ తాల్ముద్ ఆగి ఒక ప్రశ్న వేస్తుంది: పక్కవాణ్ణి లేపగలిగినవాడు తనను తాను లేపుకోలేడా? లేడు, ఖైదీ తన చెర తానే విప్పుకోలేడు అని జవాబు. ఈ యోహానాన్ పదిమంది కొడుకులను పోగొట్టుకున్నవాడని అదే గ్రంథం చెబుతుంది. బాధ వల్ల మనిషి గొప్పవాడవుతాడన్న ఊరడింపును అంత బాధ చూసినవాడే పక్కనపెట్టాడు. ఆత్మవిశ్వాసం గురించి మనం వినే ఉపన్యాసాల్లో కరువైనది ఇదే.

ఇంత పద్ధతిగా ఓర్చుకోవడం నేర్పితే జనం అన్యాయానికీ అలవాటుపడిపోరా? ఓర్పు దౌర్జన్యం చేసేవాడికే లాభం కదా? ఇది కొట్టిపారేయాల్సిన అనుమానం కాదు. దీనికి జవాబు ఆ సంప్రదాయం తన నియమాలకు తానే పెట్టుకున్న మినహాయింపులో ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు పాలకుల మీద తిరుగుబాటు మొదలైనప్పుడు కొందరు భక్తులు సబ్బాతు రోజున ఆయుధం పట్టనని చెప్పి చచ్చిపోయారు. ఆ సంగతి విన్న తిరుగుబాటు నాయకుడు మత్తతియా, అతని మనుషులు ఇకపై ఆ రోజునైనా ఎదురు తిరిగి పోరాడాలని తీర్మానించుకున్నారు. ప్రాణం కాపాడటానికి దాదాపు ప్రతి ఆజ్ఞనూ పక్కన పెట్టవచ్చన్నది తరవాత స్థిరపడ్డ సూత్రం. 1848లో విల్నా నగరాన్ని కలరా చుట్టుముట్టినప్పుడు, ఏడాదిలోకెల్లా కఠినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం రోజున జనం తిని ప్రాణం నిలుపుకోవాలని రబ్బీ ఇజ్రాయెల్ సలాంటర్ పట్టుబట్టాడు. ప్రార్థనామందిరంలో అందరి ఎదుటా ఆయనే తిన్నాడని చెప్పుకునే కథకు రకరకాల రూపాలున్నాయి. ఈ నియమాలు మనిషిని నిలబెట్టడానికి ఉన్నాయి. నిలబెట్టలేనప్పుడు వాటిని పక్కన పెట్టడం కూడా భక్తే.

దీనికంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది. ఇంత తెలివీ 60 లక్షల మందిని కాపాడిందా? లేదు. దానికి తీయని జవాబు చెప్పబోవడం చనిపోయినవాళ్లకు అవమానం. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో రబ్బీ కలోనిమస్ షపీరా అనే గురువు ఉండేవాడు. 1939 సెప్టెంబరు బాంబుదాడుల్లో కొడుకును, కోడలిని పోగొట్టుకున్నాక కూడా 1942 వేసవి దాకా తన మనుషులకు వారం వారం ప్రవచనాలు చెప్పాడు. ఇలాంటి కష్టాలు మన పూర్వులూ చూశారని 1941 చివర్లో ఒక ప్రవచనంలో అన్నాడు. ఏడాది తిరిగాక, సామూహిక హత్యలు మొదలయ్యాక, ఆ మాట పక్కన ఒక గమనిక రాసుకున్నాడు: ఇంతటి ఘోరం మునుపెన్నడూ లేదు. 1943లో ఆయన్నీ చంపేశారు. ఘెట్టో జీవితాన్ని రహస్యంగా నమోదు చేసిన ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం పాలక్యాన్లలో పెట్టి పాతిన కాగితాల్లో ఆ ప్రవచనాలు 1950లో బయటపడ్డాయి. ఆ గమనిక విలువ అంతా దాని నిజాయితీలోనే ఉంది. తన ఓదార్పు ఎక్కడ సరిపోలేదో గుర్తించి రాసుకున్న గురువు అబద్ధపు ధైర్యం అమ్మలేదు. ఏ ఆధ్యాత్మిక వివేకమూ హంతకుణ్ణి ఆపలేదు, ఆ పని చట్టానిది, ప్రభుత్వాలది, చుట్టూ ఉన్న సమాజానిది. వివేకం చేయగలిగింది చిన్నది. అయినా ఘెట్టోలో ఆకలితో ఉన్న మనిషి వారానికోసారి పదిమందిలో కూర్చోగలిగితే, ఆ వారానికి అతను ఒట్టి ఖైదీ నంబరు కాకుండా మిగిలాడు.

జ్ఞాపకం మరో రకంగానూ బెడిసికొట్టవచ్చు. తరతరాలుగా గాయాన్ని తలుచుకునే జాతి, చివరికి ఎదుటివాడి గాయాన్ని చూడలేని స్థితికి చేరుకోవచ్చు. గాజా యుద్ధం మీద, ఇజ్రాయెల్ ప్రభుత్వ విధానాల మీద యూదుల్లోనే సాగుతున్న వాదోపవాదాలు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. ఇక్కడ సంప్రదాయం వైపు చెప్పగలిగింది ఒకటుంది. మీరు ఈజిప్టులో పరదేశులుగా బతికారు కాబట్టి పరదేశిని పీడించకండి అన్న ఆదేశం యూదుల మూలగ్రంథం తోరాలో పదేపదే వస్తుంది. ఈజిప్టు నుంచి విడుదలను తలుచుకునే పస్కా పండుగ విందులో ఈజిప్టు మీద పడ్డ పది విపత్తుల పేర్లు చదువుతూ, ఒక్కోదానికి పాత్రలోంచి ఒక్కో బొట్టు ద్రాక్షసారాయి తీసేస్తారు. శత్రువు కష్టపడినప్పుడు మన ఆనందం కొంత తగ్గాలన్నది దానికి చాలామంది చెప్పే అర్థం. ఆదేశం ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు. పాటించనప్పుడు వేలెత్తి చూపడానికి కావలసిన ఆధారం మాత్రం వాళ్ల గ్రంథంలోనే ఉంది.

ఇదంతా యూదులకు సరే, మనకెందుకు అనవచ్చు. మన దగ్గర కూడా, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను ప్రాచీన ఇజ్రాయెల్ జాతిలోని ఎఫ్రాయిము గోత్రీకులుగా చెప్పుకునే తెలుగు సమాజం సొంత ప్రార్థనామందిరం నడుపుకుంటోంది. కానీ ఆ దేవుణ్ణి నమ్మనివాళ్లకూ ఇందులో పాఠముంది. చావింట పొయ్యి వెలిగించకపోవడం, పక్కింటివాళ్లు అన్నం వండి తేవడం, రోజులు లెక్కపెట్టి కర్మ చేయడం మనకు కొత్తవి కావు. మనం నేర్చుకోవాల్సింది వాటిని తక్కువ ఖర్చుతో నిలుపుకోవడం. ఒకప్పుడు యూదుల్లో డబ్బున్నవాళ్లు చావింటికి వెండి, బంగారు బుట్టల్లో ఆహారం తీసుకెళ్లేవాళ్లట, పేదవాళ్లు చెక్కుతీసిన బెత్తాల బుట్టల్లో. పేదవాళ్లు సిగ్గుపడుతున్నారని చూసి, అందరూ బెత్తాల బుట్టల్లోనే తేవాలని పండితులు నియమం పెట్టారు. అంత్యక్రియల ఖర్చు భరించలేక జనం శవాన్ని వదిలేసి పోతున్న రోజుల్లో పెద్ద హోదాలో ఉన్న రబ్బన్ గమలియేలు తన దేహాన్ని మామూలు నారబట్టలో సాగనంపమన్నాడు. ఆ తరవాత జనమంతా అదే బాట పట్టారు. పెద్దకర్మ భోజనాలకు అప్పు తెచ్చే కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. దుఃఖంలో ఉన్న ఇంటిని నిలబెట్టాల్సిన ఆచారం ఆ ఇంటినే కుంగదీస్తుంటే, దాన్ని మార్చే పని స్తోమత ఉన్నవాళ్లే మొదలుపెట్టాలి. పదిమందిలో పేరున్న కుటుంబం ఒక్కటి సాదాగా కర్మ చేసి చూపిస్తే, పక్క వీధిలోని కూలి కుటుంబానికి అప్పు చేయకుండా ఉండే ధైర్యం వస్తుంది.