చెఱకు ధర నెవరు నిర్ణయింతురు?

నిజామాబాదు నుండి బోధనుకు పోవు త్రోవ పొడవునను నిజాంసాగరు కాలువ నీటితో పండెడు పొలములు కనబడును. మంజీరనదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన ఆనకట్ట ఈ నేలకు నీరిచ్చినది. నీటి వెంట చెఱకు వచ్చినది. చెఱకు వెంట 1937లో బోధనునందలి శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆనాడు ఈ ప్రాంతము హైదరాబాదు సంస్థానములోనిది. నీటిపైనను, నేలపైనను, కర్మాగారముపైనను తుది మాట ఒక్క ప్రభువుదే.

1950 జనవరి 26వ తేదీన భారత రాజ్యాంగము అమలులోనికి రాగా ఈ పద్ధతి మారినది. అన్నదమ్ములు వేరుపడునపుడు పొలము పంచుకొని నడుమ గట్టు వేసికొందురు; బావిని మాత్రము ఉమ్మడిగా నుంచుకొందురు. మన రాజ్యాంగమును అట్లే చేసినది. ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలు కలవు. దేశరక్షణ, రైల్వేలు, నాణెములు మున్నగునవి కేంద్ర జాబితాలోనివి. వ్యవసాయము, భూమి, పోలీసు మున్నగునవి రాష్ట్ర జాబితాలోనివి. ఇరువురును శాసనములు చేయదగినవి ఉమ్మడి జాబితాలోనివి. ఉమ్మడి విషయములో రెండు శాసనములు పరస్పరము విరుద్ధమైనచో సాధారణముగా కేంద్రశాసనమే నిలుచును.

ఇపుడు ఒక చెఱకు గడను చేత బట్టి చూడుము. అది చేనిలో నున్నంతకాలము వ్యవసాయము. కనుక రాష్ట్రమునకు సంబంధించినది. దానిని తడిపిన నీరును రాష్ట్ర విషయమే. కాని మంజీర మహారాష్ట్రములో పుట్టి, కర్ణాటకమును దాటి, తెలంగాణమునకు వచ్చి గోదావరిలో కలియును. పలు రాష్ట్రముల గుండ పాఱు నది విషయమున పార్లమెంటునకు అధికారము కలదు. గోదావరీజలముల తగవు తీర్చుటకై 1969లో ఏర్పడిన ట్రిబ్యునలు 1980లో తీర్పు నిచ్చినది. ఇక గడ గానుగలో పడినంతనే అది పరిశ్రమ యగును. చక్కెర పరిశ్రమను పార్లమెంటు 1951 నాటి శాసనముచే కేంద్రము అదుపులో నుంచినది.

మఱి ధర మాట యేమి? కోసిన చెఱకు నిలువయుండదు. దినదినమునకు బరువును రసమును తగ్గిపోవును. కావున రైతు బేరమాడుచు వేచియుండజాలడు. పార్లమెంటు 1955లో నిత్యావసర వస్తువుల చట్టము చేసినది. దానిని బట్టి కేంద్రప్రభుత్వము 1966లో చెఱకు నియంత్రణ ఉత్తరువు వెలువరించినది. కనీసపు ధర కేంద్రము నిర్ణయించును. చెఱకు అందిన 14 దినములలో మిల్లు సొమ్ము చెల్లింపవలెను. ఆలస్యమైనచో నూటికి 15 చొప్పున వడ్డీ నీయవలెను. ఉత్తరువు కేంద్రముదే యైనను, బకాయిని భూమిశిస్తు వలె వసూలు చేయువాడు జిల్లా కలెక్టరు.

ఉత్తరప్రదేశము వంటి రాష్ట్రములు అంతకన్న హెచ్చు ధర ప్రకటింపగా మిల్లులవారు అడ్డుచెప్పిరి. సుప్రీంకోర్టునందు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2004లోను, మరల 2020లోను ఈ తగవును విచారించినది. కేంద్రము నిర్ణయించిన దానికి తక్కువ కానంతవరకు రాష్ట్రము హెచ్చు ధర నిర్ణయింపవచ్చుననియు, అందు విరోధము లేదనియు తీర్పు చెప్పినది. శాసనము చేసినది పార్లమెంటు, నడపినది ప్రభుత్వము, హద్దు చూపినది న్యాయస్థానము. ఏ ఒక్కరును రెండవవారి పని చేయలేదు.

అయినను హద్దులు ఏర్పడినంత మాత్రమున రైతు కష్టము తీరదు. బోధను కర్మాగారములో ప్రభుత్వపు వాటాలో అధికభాగము 2002లో ప్రైవేటు వారి చేతికి పోయినది. 2015 చివర కర్మాగారము మూతపడినది. కొనువాడు లేనిచోట ధర యెంత చెప్పినను ఫలమేమి? ఉమ్మడి బావికి హక్కుదారులు ఎందఱైనను, పూడిక తీయుటకు మాత్రము ఎవరో యొకరు దిగవలెను. అధికారమును పంచుకొనినవారు బాధ్యతను కూడ పంచుకొనినపుడే రాజ్యాంగము చేని గట్టు దాక వచ్చినట్లగును.