తేనెపెట్టెలో మైనపు పురుగు, దానికి సహజ నూనెలు

తేనెటీగలు కట్టుకున్న పట్టును తొలిచి తినేసేది మైనపు పురుగు. బూడిదరంగు రెక్కల పురుగు రాత్రివేళ పెట్టెలోకి దూరి, చెక్కల సందుల్లో వందల గుడ్లు పెడుతుంది. రెక్కలొచ్చిన పురుగు ఏమీ తినదు. నష్టమంతా పిల్ల పురుగులదే. అవి పట్టులో సొరంగాలు చేస్తూ, వెనకాలే దారాల గూడు అల్లుకుంటూ పోతాయి. పేరుకు మైనపు పురుగే గానీ, ఒట్టి మైనం మీద అది సరిగా ఎదగదు. పుప్పొడి, ఈగపిల్లలు విడిచిన పొరలు నిండిన పాత నల్లపట్టు అంటే దానికి ప్రాణం.

29 నుంచి 35 డిగ్రీల వేడి ఈ పురుగుకు బాగా నప్పుతుంది. నెల్లూరు తీరంలో ఏడాదిలో చాలా నెలలు ఆ వేడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ముసురుకుంటే ఈగలు మేతకు పోలేవు. కుటుంబం చిక్కిపోయి, కొన్ని చట్రాలకు కాపలా కాసే ఈగలే ఉండవు. పురుగు పడేది అలాంటప్పుడే. నాటు పుట్టతేనెటీగలకైతే ఓర్పు మరీ తక్కువ. పురుగు ముదిరితే రాణితో సహా పెట్టె వదిలి లేచిపోతాయి.

నిల్వ చట్రాల మధ్య నాఫ్తలీన్ ఉండలు వేయడం చాలాచోట్ల పాత అలవాటు. మైనం కొవ్వు వంటి పదార్థం కాబట్టి ఆ మందును పీల్చుకుని పట్టి ఉంచుతుంది. ఆ పట్టులో మళ్లీ తేనె చేరితే మందు దానిలోకీ దిగుతుంది. తినే తేనెకు ఇది తగదు. సహజ నూనెల వైపు చూపు మళ్లడానికి ఇదొక పెద్ద కారణం.

వేపలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. లవంగ నూనెలోని యూజినాల్, వాము నూనెలోని థైమాల్ పురుగుల నాడులను దెబ్బతీస్తాయి. కానీ తేనెటీగ కూడా కీటకమే, దాని పిల్ల కూడా కుబుసం విడవాల్సిందే. సహజమైనదన్న మాటను నమ్మి, ఈగలున్న పెట్టెలో నూనె చల్లితే పురుగుతో పాటు పిల్ల ఈగలూ దెబ్బతింటాయి. నూనెల ఘాటు కూడా మైనానికి, తేనెకు అంటుతుంది. నిమ్మగడ్డి నూనెతో ఇంకో చిక్కు: అందులోని సిట్రాల్, జెరానియోల్ తేనెటీగలు తమవాళ్లను పిలిచే వాసనలోనూ ఉంటాయి. గుంపులను ఖాళీ పెట్టెల్లోకి రప్పించడానికి తేనెటీగల పెంపకందార్లు దాన్ని వాడేది అందుకే.

అందువల్ల నూనెకు తగిన చోటు ఈగలు లేని నిల్వ పెట్టె. గూడూరు నిమ్మతోటల్లో పూత అయ్యాక, తేనె తీసిన చట్రాలను మూతబిగిసిన పెట్టెల్లో పేర్చి, లవంగ నూనె చుక్కలు వేసిన దూది పైన ఉంచవచ్చు. తిరిగి వాడేముందు చట్రాలను వాసన పోయేదాకా నీడలో గాలికి ఆరబెట్టాలి. వేపనూనెను పెట్టె స్టాండు కాళ్లకు పూయడం వరకే మేలు.

అప్పటికే గూడు కట్టుకున్న పురుగు దాకా నూనె ఆవిరి చేరడం కష్టం. కనుక నిల్వకు ముందే చట్రాలను చల్లబరచాలి. మైనస్ 12 డిగ్రీల చలిలో 3 గంటలుంటే గుడ్లతో సహా పురుగు చస్తుంది. ఇంటి ఫ్రీజరులో ఒక రోజు ఉంచితే ఇంకా నిశ్చింత. ఈగలున్న పెట్టెలో మాత్రం వానలకు ముందే ఈగలు కప్పని చట్రాలు తీసేసి, అడుగు పలక మీది చెత్త ఊడ్చి, పగుళ్లు పూడ్చాలి. నల్లబడిన పాతపట్టును మైనానికి కరిగించుకోవాలి.