ఆక్సీమీటర్ ఎవరికి తప్పు చూపిస్తోంది?

2021 సెకండ్ వేవ్‌లో మా ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఎప్పుడూ టీవీ పక్కనే ఉండేది. 95 వస్తే హమ్మయ్య, 92 వస్తే అందరికీ ఫోన్లు. మీ ఇంట్లోనూ అంతే కదా? ఆ నంబర్ అందరికీ ఒకేలా నిజం చెప్పదని నాకు అప్పుడు తెలీదు.

అది వేలిలోంచి కాంతి పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది. చర్మంలో ఉండే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. చిక్కంతా అక్కడే.

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు దీన్ని పరీక్షించారు. కొత్తగా ఎవరికీ సూది గుచ్చలేదు. ఆసుపత్రి రికార్డుల్లో అప్పటికే ఉన్న ఆక్సీమీటర్ రీడింగునీ, దాదాపు అదే సమయంలో ధమని నుంచి తీసిన రక్త పరీక్షనీ పక్కపక్కన పెట్టి చూశారు, అంతే. 2020 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. మీటర్ 92 నుంచి 96 చూపించినప్పుడు, అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతి వాళ్లలో 11.7 శాతం. అంటే ఆక్సిజన్ పెట్టాల్సిన మనిషిని "బాగానే ఉన్నావు" అనేసే ప్రమాదం మూడు రెట్లు!

రికార్డులో జాతి అనే కాలమ్ ఉండబట్టే ఇది బయటపడింది. కానీ ఆ కాలమ్ నింపమని అడగడం అంత తేలిక కాదు. అలబామా రాష్ట్రం టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ డాక్టర్లే సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి మందు ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా! అది విన్నవాళ్లకి "మీ జాతి ఏంటి?" అనగానే అనుమానం రాదా మరి? అందుకే ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి. ముఖం చూసి రాసుకోకుండా, వాళ్లనే చెప్పనివ్వాలి.

ఇంకోటి, జాతి అంటే చర్మం రంగు కాదు. అమెరికాలో మన తెలుగువాళ్లూ, చైనావాళ్లూ అందరూ "ఏషియన్" గడిలోనే పడతారు. మా కజిన్స్‌లోనే ఎన్ని రంగులో! కాబట్టి మీటర్‌ని పరీక్షించాలంటే చర్మం రంగునే కొలవాలి.

అదే కాలమ్‌ని తప్పుగా వాడితే? కిడ్నీ పనితీరు లెక్కలో నల్లజాతి వాళ్లయితే ఫలితాన్ని సుమారు 16 శాతం పెంచేవారు. కాగితం మీద కిడ్నీ బాగుంటుంది, ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులోకి మాత్రం ఆలస్యంగా ఎక్కుతారు. 2021లో కొత్త ఫార్ములా వచ్చింది. 2023లో ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్లు పాత ఫైళ్లు మళ్లీ తీసి, అలా నష్టపోయిన వాళ్లని వెతికి, పోయిన వెయిటింగ్ టైం తిరిగి కలపాల్సి వచ్చింది. వాళ్లని వెతకడానికి కూడా ఆ జాతి కాలమే కావాల్సి వచ్చింది.