మన వీధిలో భయమేమిటో ఎవరు చెప్పాలి?

పోలీసు స్టేషను మెట్లెక్కటం మా ఇంటా వంటా లేదు అని గొప్పగా చెప్పుకునే కుటుంబాలు మనలో చాలానే వున్నాయి. ఆ గొప్ప సంగతి అలా వుంచండి. మనం మెట్లెక్కకపోతే అక్కడి పుస్తకాల్లో మన మాట వుండదు గదా! గస్తీ ఏ వీధిలో తిరగాలి, కానిస్టేబులు ఏ మూల నిలబడాలి అన్నది ఎక్కువగా ఆ పుస్తకాలను బట్టే నిర్ణయమవుతుంది.

స్కూటరు పోతే రాసుకుంటారు. తల పగిలితే రాసుకుంటారు. పాలబూతు పక్కసందులో దీపం వెలగటం లేదనీ, ట్యూషను నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ సందు తప్పించుకుని రెండు వీధులు చుట్టి వస్తున్నారనీ ఏ పుస్తకంలో రాస్తారు? ఏమీ జరగలేదాయె! ఏమీ జరగకుండా వుండటానికి ఆ పిల్ల రోజూ పావుగంట ఎక్కువ నడుస్తున్నదన్న లెక్క తల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

అందుకనే, ఏ పని ముందు చెయ్యాలో ఆ వీధివాళ్లనే అడగాలి అన్న పద్ధతి వచ్చింది. ఇంగ్లండు, వేల్సులలో 2011లో చేసిన చట్టం ప్రకారం పోలీసు అధికారులు ప్రతి పేటలోనూ జనం అభిప్రాయం తెలుసుకునే ఏర్పాటు చెయ్యాలి, క్రమంగా సమావేశాలు జరపాలి. అంత దూరం పోనక్కరలేదు. మన దేశంలోనే ఇంతకంటె ముందు జరిగిన సంగతి ఒకటి వున్నది.

మహారాష్ట్రలో భివండి అని మరమగ్గాల వూరు. మన తెలంగాణ జిల్లాలనుంచి పద్మశాలీలు ఎందరో బతుకుతెరువుకు వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. పద్మనగర్ అనే పేటకు వెళితే తెలుగు మాటలే వినిపిస్తాయి. ఆ వూళ్లో 1970లోనూ, మళ్లీ 1984లోనూ ఘోరమైన మతకల్లోలాలు జరిగాయి. 1988లో అక్కడికి డిప్యూటీ కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే గారు పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టించారు. అలా 70 దాకా ఏర్పడ్డాయి. హిందువులూ ముస్లిములూ కలిసి కూర్చోవాలి, ఆ పేట బాధ్యత వున్న పోలీసు కూడా వాళ్ల మధ్యనే కూర్చోవాలి.

కూర్చుని ఏం మాట్లాడారనుకుంటున్నారు? మతసామరస్యం మీద ఉపన్యాసాలు కాదు. ఇరుగుపొరుగు తగాదాలు, చిల్లర పేచీలు. మనం "ఇదీ ఒక విషయమేనా" అనుకునేవే. కాని చిన్న తగాదాలో మొహం చూసి మాట్లాడుకున్నవాళ్లు పెద్ద పుకారు వచ్చిన రాత్రి ఒకరి తలుపు ఒకరు తట్టగలుగుతారు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన తరవాత, మళ్లీ 1993 జనవరిలో, బొంబాయి తగలబడిపోయింది. 900 మంది దాకా చనిపోయారు. బొంబాయికి ఎంతో దూరం లేని భివండి మాత్రం ప్రశాంతంగా వున్నది. ఆ తరవాత 1994లో బొంబాయిలో కూడా పోలీసు కమిషనరు సతీశ్ సాహ్నీ, సుశోభా బర్వే, జూలియో రిబెరో వంటివారు పూనుకుని ఇలాంటి కమిటీలు పెట్టారు.

ఇంతవరకే చెప్పి వూరుకుంటే కథ బాగానే వుంటుంది. కాని 2006 జూలైలో అదే భివండిలో పోలీసు స్టేషను కట్టబోయిన స్థలం ఖబరస్తాన్‌దంటూ గొడవ లేచింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. గుంపు చేతుల్లో ఇద్దరు కానిస్టేబుళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చూడండి, తగాదా వచ్చింది స్టేషను ఎక్కడ కట్టాలన్న దాని గురించే! ఇలాంటి ప్రశ్న నలుగురి మధ్యా కూర్చుని తేల్చుకోవటానికే గదా కమిటీలు. ఒక అధికారి శ్రద్ధతో వచ్చిన పద్ధతి, ఆ అధికారి బదిలీ అయ్యాక నిలవాలంటే పేటవాళ్లే దాన్ని పట్టుకుని వుండాలి.

మన వూళ్లలో వినాయక చవితికీ, బక్రీదుకూ ముందు శాంతి సంఘం సమావేశాలు జరుగుతాయి. ఆ ఫొటోలు పత్రికలో చూసే వుంటారు. ముందు వరసలో పెద్దమనుషులు, వెనక వరసలో పెద్దమనుషులు. ఆడవాళ్లెక్కడ? ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్నది చర్చించవలసిందే, కాదనను. మిగిలిన రోజుల్లో మనం నడిచే దారి సంగతో?

ఆడవాళ్లు చెబితే ముందు చెయ్యవలసిన పని ఎలా మారిపోతుందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ, ఆమెతో వయోజన విద్య తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లూ, సారాకొట్టు మూసెయ్యాలన్నారు. ప్రభుత్వం లెక్కలో సారా అంటే ఆదాయం. వాళ్ల లెక్కలో అది ఇంట్లో తన్నులు, పిల్లల పస్తులు. ఆ మాట జిల్లా అంతా పాకి, సారా పాటలు జరగనివ్వకుండా అడ్డుకుని, చివరకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

సరే, సమావేశానికి వెళ్లాం అనుకోండి. "మా పేటలో భద్రత లేదండీ" అంటే ఎస్సై గారు తల ఊపి రాసుకుంటారు, అంతే. చోటు చెప్పాలి, వేళ చెప్పాలి. దీనికి 1989లో కెనడాలో టొరంటో మహిళలు ఒక తేలిక ఉపాయం కనిపెట్టారు. తరవాత ఢిల్లీలో జాగోరి సంస్థ కూడా దాన్నే ఉపయోగించింది. అయిదారుగురు కలిసి చీకటి పడ్డాక తమ వీధుల్లో నడవటం, అంతే! దీపం ఎక్కడ లేదు, మలుపు తిరిగాక అవతల ఎవరున్నదీ కనిపిస్తుందా, కేక వేస్తే వినేవాళ్లున్నారా, బస్సుస్టాపు దగ్గర మందుకొట్టువాళ్లు ఏ వేళకు గుమిగూడతారు — నడుస్తూ రాసుకోవాలి. ఇంటింటా పనిచేసుకుని తొమ్మిదింటికి తిరిగి వెళ్లే అమ్మనూ, ఫ్యాక్టరీ షిఫ్టు పిల్లనూ తప్పకుండా వెంటబెట్టుకోండి. ఆ వేళప్పుడు వీధి ఎలా వుంటుందో కాలనీ సంఘం అధ్యక్షుల వారి భార్యకంటె వాళ్లకే బాగా తెలుసు.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి సమావేశాల్లో మాట ఎటో జారిపోతూ వుంటుంది. "ఆడపిల్లలు ఏడింటికల్లా ఇల్లు చేరాలి" అని ఎవరో ఒక పెద్దాయన అంటారు. "ఆ తోపుడుబండివాళ్లను ముందు వెళ్లగొట్టండి" అని ఇంకొకరు. అక్కడే గట్టిగా ఆపాలి. మనం మాట్లాడుతున్నది సందు గురించి, ఆడపిల్ల గురించి కాదు. రాత్రి పదింటిదాకా మిరపకాయ బజ్జీల బండి వెలుగుతున్న మూల మనకు చుట్టమే, శత్రువు కాదు. గొంతు పెద్దదైన నలుగురు కలిసి నోరులేనివాళ్ల మీద పోలీసులను ఉసిగొలిపితే దాన్ని ప్రజల భాగస్వామ్యం అని నేననను.

కెమెరాలకు చందాలు వేసుకోవటం కూడా ఇప్పుడు మామూలైంది. వద్దనను. జరిగిన తరవాత ఎవరు చేశారో పట్టుకోవటానికి కెమెరా పనికివస్తుంది. చీకటిసందులో పిల్లకు తోడు రాదు. ముందు దీపం, తరవాత కెమెరా.

స్టేషను అంటే జంకు వున్నవాళ్లకు రెండు మాటలు. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న కొత్త చట్టం 179వ సెక్షను ప్రకారం, విచారణలో సాక్షిగా అడగటానికి ఆడవాళ్లను స్టేషనుకు రమ్మనకూడదు. వాళ్లుండే చోటుకే వచ్చి అడగాలి. పాత చట్టంలోనూ ఈ రక్షణ వున్నది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, దగ్గరలోని స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చును. "ఇది మా పరిధి కాదమ్మా" అని తిప్పి పంపకూడదు. ప్రాణం మీదికి వస్తే 112, మహిళల సహాయానికి 181.

నడిచి రాసుకున్న కాగితం రెండు ప్రతులు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. వచ్చే సమావేశంలో కొత్త మాట ఎత్తకముందు ఆ పాత కాగితం తియ్యండి. దీపాల పని పోలీసులది కాదు, మునిసిపాలిటీదో పంచాయతీదో కాబట్టి అక్కడా ఒక ప్రతి ఇవ్వాలి. స్తంభం మీద నంబరు రాసి వుంటే అది ఎక్కించుకోవటం మరిచిపోకండి, అక్కడ ముందు అడిగేది అదే.