సీనియర్ ఇంజినీర్ ఇంటర్వ్యూలో ‘మేము’ చాలదు



సింగపూర్‌లో ఏ తెలుగువారింట భోజనానికి కూర్చున్నా, కాసేపటికి మాట ఉద్యోగాల మీదికి మళ్ళుతుంది. గూగుల్ ఆఫీసు పాసిర్ పంజాంగ్‌లో, మెటా మెరీనా వన్‌లో, గ్రాబ్ వన్-నార్త్‌లో ఉన్నాయి. అన్నీ ఎంఆర్‌టీ దూరమే. కానీ పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా అక్కడ చివరి రౌండు దాకా వెళ్ళి వెనక్కి వస్తుంటారు. చాలాసార్లు కారణం ప్రోగ్రాం రాయలేకపోవడం కాదు. మరేమిటో ఈ రోజు చెప్పుకుందాం.

ముందు పద్ధతి చూద్దాం. మొదట రిక్రూటర్ ఫోను చేస్తారు. తర్వాత ముప్పావు గంట కోడింగ్ పరీక్ష ఉంటుంది. అది దాటితే నాలుగైదు రౌండ్లు. వాటిలో కోడింగ్, సిస్టమ్ డిజైన్‌తో పాటు మీరు ఇదివరకు చేసిన పని గురించిన సంభాషణ కూడా ఉంటుంది. ప్రతి రౌండు తర్వాతా ఇంటర్వ్యూ చేసినవారు తమ అభిప్రాయం రాసి పెడతారు. గూగుల్‌లో ఆ రాతలను ఒక కమిటీ చదువుతుంది. ఆ కమిటీవారు మిమ్మల్ని చూసి ఉండరు. అమెజాన్‌లో వేరే టీము నుంచి ‘బార్ రైజర్’ అనే ఒకరు వచ్చి కూర్చుంటారు. వాళ్ళకు 16 లీడర్‌షిప్ సూత్రాలున్నాయి, మీ పని గురించి అడిగే ప్రశ్నలు ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతాయి. ఏ కంపెనీ అయినా, ఆ కాగితం మీదికి ఎక్కని మీ అనుభవం లెక్కలోకి రాదు.

ఇక సిస్టమ్ డిజైన్. మనందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. తిరుమల 300 రూపాయల దర్శనం టిక్కెట్లు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. ఒకే నిమిషంలో లక్షలమంది వచ్చి పడతారు. అలాంటి వ్యవస్థను డిజైన్ చెయ్యమన్నారనుకోండి. చాలామంది వెంటనే బోర్డు మీద డేటాబేసు, క్యాషు, సర్వర్లు గీసేస్తారు. అనుభవజ్ఞులు ముందు ప్రశ్నలు వేస్తారు. ఒక్కో గంటకు ఎన్ని టిక్కెట్లు? ఒకే టిక్కెట్టు ఇద్దరికి పోతే ఏమవుతుంది? బ్యాంకులో డబ్బు కట్ అయి టిక్కెట్టు రాకపోతే ఎలా? అప్పుడు నిర్ణయాలు చెబుతారు: “అందరినీ ముందు వరుసలో నిలబెడతాను. ఎంచుకున్న టిక్కెట్టును డబ్బు కట్టేందుకు కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతాను. దీనివల్ల కొందరు ఎక్కువసేపు వేచి ఉండాలి. అయినా ఒకే టిక్కెట్టు ఇద్దరికి అమ్మడం కంటే అది నయం.” ఏది వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో చెప్పగలగడమే సీనియర్ లక్షణం.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది మాత్రం పని గురించి మాట్లాడే రౌండులో. “నేను చేశాను” అంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అందుకని “మేము చేశాం, టీము చేసింది, క్లయింటు అడిగారు” అంటాం. వినయం మంచిదే. కానీ వింటున్నవాళ్ళు “ఈయన పాత్ర తేలలేదు” అని రాసుకుంటారు. ఇలా చెప్పి చూడండి: “రాత్రి నడిచే జాబు ఆరు గంటలు పట్టేది. టీములో కొందరు పెద్ద సర్వరు కొందామన్నారు. నేను లాగ్‌లు చూసి, ఒక క్వెరీ దగ్గర ఆలస్యం ఉందని కనిపెట్టి, దాన్ని మార్చాలని ఒప్పించాను. ఇద్దరు సహాయం చేశారు. గంటన్నరకు తగ్గింది.” ఇందులో గొప్పలు లేవు, సహాయం చేసినవాళ్ళ పేరూ పోలేదు. మీ నిర్ణయం మాత్రం స్పష్టంగా ఉంది.

ఈ తేడాకు విలువ ఎంత? గూగుల్‌లో సీనియర్ అంటే ఎల్5, మెటాలో ఈ5, అమెజాన్‌లో ఎల్6. ఆధారాలు చాలకపోతే ఒక మెట్టు కిందికి ఆఫరు ఇస్తారు, జీతం తగ్గుతుంది. ఇక్కడ జీతంతో పాసు కూడా ముడిపడి ఉంది. 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాసులకు ‘కంపాస్’ పాయింట్ల పద్ధతి వచ్చింది. జీతం, చదువు, కంపెనీలో మీ దేశంవారి వాటా, స్థానికులకు ఇచ్చే ఉద్యోగాలు అనే నాలుగు అంశాలకు ఒక్కోదానికి 20 దాకా పాయింట్లు. మొత్తం 40 రావాలి. కొరత ఉన్న నైపుణ్యాల వంటివాటికి అదనపు పాయింట్లున్నాయి. కంపెనీలోని ప్రొఫెషనల్ ఉద్యోగుల్లో మీ దేశంవారు నాలుగో వంతు ఉంటే ఆ అంశంలో సాధారణంగా సున్నాయే. అప్పుడు జీతం వంటి మిగతా అంశాల పాయింట్లే ఆదుకోవాలి.

ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం. పిల్లల డిపెండెంట్ పాసులు మీ పాసు మీదే ఉంటాయి. 2021 మే నుంచి డిపెండెంట్ పాసు మీద ఉన్న భార్య గానీ భర్త గానీ ఉద్యోగం చెయ్యాలంటే, మామూలుగా సొంత వర్క్ పాసు తెచ్చుకోవాలి. కాబట్టి ఆఫరు లెటరు చూసి సంబరపడి రాజీనామా ఇవ్వకండి. కొత్త పాసుకు ఇన్-ప్రిన్సిపల్ అప్రూవల్ చేతికొచ్చాకే ఇవ్వండి.

చివరిగా ఒక చిన్న పని. మీరు స్వయంగా నిర్ణయం తీసుకున్న ఆరు సందర్భాలు కాగితం మీద రాసుకోండి. ఒకటి రెండు సరిగ్గా జరగనివి కూడా ఉండనివ్వండి. వాటిని ఇంట్లోవాళ్ళ ముందు గట్టిగా చెప్పి చూడండి. సాఫ్ట్‌వేరు తెలియని మీ అమ్మగారు “అయితే ఇందులో నువ్వేం చేశావురా?” అని అడిగితే, ఆ కథ మళ్ళీ రాసుకోవాలన్నమాట.